ఫౌస్టీనా నాణెం, కొన్న దుకాణం

మాది అజ్జరం. ఇత్తడి బిందెల చప్పుడులో పెరిగాను. రోమన్ల సెస్టెర్షియస్ అనే పెద్ద నాణెం కూడా ఇత్తడే అని తెలిసినప్పటి నుంచీ ఒక్కటైనా చేత్తో పట్టుకోవాలని ఆశ. రాజమండ్రిలో ఒక చిన్న నాణేల దుకాణంలో మొన్న దొరికింది, 7,500 రూపాయలకి.

క్రీ.శ. 138 నుంచి 161 దాకా ఏలిన రోమన్ చక్రవర్తి ఆంటోనినస్ పయస్ భార్య ఫౌస్టీనా. ఆవిడ పోయాక దేవతను చేసి వేసిన నాణెం, చుట్టూ 'దివా ఫౌస్టీనా' అని. ముక్కు అరిగింది గానీ, జడలల్లి నడినెత్తిన చుట్టిన కొప్పు పాయపాయా కనిపిస్తోంది! వెనక ధాన్యదేవత సెరెస్, ఒక చేతిలో కాగడా, ఇంకో చేతిలో కంకులు. మా గుమ్మానికి కట్టిన వరికుచ్చు పక్కన పెట్టి చాలాసేపు చూశాను.

దుకాణం ఆయన తొందరపెట్టలేదు, కాటా వేసి చూపించారు: 24 గ్రాములు. చీటీ మీద మాత్రం కూతురు చిన్న ఫౌస్టీనా అని రాశారు. నడినెత్తి కొప్పు చూపించి, ఇది తల్లిదని చెబితే అక్కడే దిద్దారు. మెత్తటి పీవీసీ కవర్లో ఇవ్వడం నచ్చలేదు, అందులో ఉంచితే నాణేనికి ఆకుపచ్చ జిగురు పడుతుంది. ఇంటికి రాగానే మార్చేయండి. ఇత్తడే కదా అని చింతపండు పెట్టి మాత్రం తోమకండి, నాణెం మీద పట్టిన ముదురు పొర పోతే మళ్లీ రాదు.