కొత్త ఫ్లాట్‌లో ఎక్స్‌ట్రా పనులు: బిల్డర్‌కే ఇవ్వాలా, తాళాలు చేతికొచ్చాక బయట మేస్త్రితో చేయించుకోవాలా, ఏది మేలు?

ఒడిశా బరంపురంలో అంబపువా వైపు గానీ లంజిపల్లి బైపాస్ వైపు గానీ ఫ్లాట్ బుక్ చేసిన మనవాళ్ళందరికీ ఒకటే తలనొప్పి. రేటు మాట్లాడుకుని అడ్వాన్స్ ఇచ్చాక బిల్డర్ ఆఫీసులో ఇంకో కాయితం చేతిలో పెడతారు, పెద్ద టైల్స్‌కి ఇంత, కిచెన్‌లో గ్రానైట్ మారిస్తే ఇంత, ఏసీ పాయింట్‌కి ఇంత, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలకి ఇంత, ఫాల్స్ సీలింగ్‌కి ఇంత అని. శాంపుల్ ఫ్లాట్‌లో మనం చూసి మురిసిపోయిందంతా ఈ కాయితంలోనే ఉంటుంది, మనం కొన్న రేటులో ఉండదు. అగ్రిమెంట్ వెనకాల స్పెసిఫికేషన్ షీట్ అని రెండు పేజీలు ఉంటాయి, మనకి అసలు వచ్చేది అందులో రాసిందే. శాంపుల్ ఫ్లాట్ చూపించి ఇదే వస్తుంది అని నమ్మించి మోసం చేస్తే రెరా, అంటే ఫ్లాట్లు కొనేవాళ్ళకి రక్షణగా ఉన్న రియల్ ఎస్టేట్ చట్టం, సెక్షన్ 12 కింద అడగొచ్చు, కాకపోతే అందరూ గోడ మీద చిన్న అక్షరాల్లో 'చూపించినవి ఎక్స్‌ట్రా' అని రాసి పెడుతున్నారు, కాబట్టి ముందే చదువుకోవడం మన పని.

ఇప్పుడు మనోళ్ళలో రెండు పార్టీలు. 'బిల్డర్ రేటు దోపిడీ, తాళాలు తీసుకున్నాక మన మేస్త్రిని పెట్టుకుంటే సగానికి అయిపోద్ది' అనేది ఒక పార్టీ, మా బావ ఇందులో ప్రెసిడెంటు. 'గృహప్రవేశం అయ్యాక మళ్ళీ దుమ్మూ ధూళీ ఎవరు పడతారు, అంతా వాళ్ళకే అప్పజెప్పు' అనేది రెండోది, ఇందులో ఆడవాళ్ళు ఎక్కువ, వాళ్ళ బాధ వాళ్ళది, ఊడ్చేది వాళ్ళే కదా. నా లెక్క ప్రకారం ఇద్దరిదీ సగం సగమే కరెక్టు. బిల్డర్ ఎలాగూ వేసేదాన్ని మార్చుకుంటున్నామా, లేక అతను అసలు వెయ్యనిదాన్ని కొత్తగా పెట్టుకుంటున్నామా అనేది ముందు తేల్చుకోవాలి, రేటు సంగతి తర్వాత.

ఫ్లోరింగ్ తీసుకుందాం. ఉదాహరణకి 900 చదరపు అడుగులు అనుకోండి, బిల్డర్ మామూలుగా వేసే రెండుకి రెండు టైల్ అడుగు 50 రూపాయలు, మనకి కావాల్సిన రెండుకి నాలుగు టైల్ 90. అసలు తేడా 40, అంటే 36 వేలు. బిల్డర్ అడుగుకి 100 ఎక్స్‌ట్రా అడిగాడు, 90 వేలు. ఇది చూసి బావకి ఒళ్ళు మండిపోద్ది, న్యాయమే. కానీ బయట చేయిద్దాం అని ఆగితే ఏమవుద్దో చూడండి. అతను వేసిన 50 రూపాయల టైల్‌కి డబ్బు మనం ఆల్రెడీ కట్టేశాం, అది పగలగొట్టి పారెయ్యాలి. కొత్త టైల్ 90, పగలగొట్టి చెత్త కిందికి దింపించడానికి ఒక 15, సిమెంటు ఇసుక ఒక 25, వేసే కూలి ఒక 30 అనుకున్నా అడుగుకి 160, మొత్తం 1,44,000. దోపిడీ అనుకున్న 90 వేలే చవకైపోయింది! పాత టైల్ మీదే కొత్త టైల్ అతికించేస్తే పగలగొట్టే ఖర్చు ఉండదు అంటారు, నిజమే గానీ ఫ్లోర్ ఎత్తు లేచిపోద్ది, ప్రతి తలుపూ కింద కోయించుకోవాలి, బాత్రూమ్ గడప దగ్గర లెవెల్ తేడా వస్తుంది.

మూడో దారి ఒకటుంది, ఎందుకో చాలామంది అడగరు. 'టైల్ నేనే తెచ్చిస్తాను, మీరు వెయ్యాల్సిన టైల్ డబ్బులు తగ్గించండి, కూలి ఎలాగూ మీదే' అని. ఒప్పుకుంటే 36 వేలు, వేస్టేజ్‌కి ఇంకో నాలుగైదు వేలు కలుపుకోండి. అందరూ ఒప్పుకోరు, కొంతమంది మీ టైల్ తెచ్చుకోండి గానీ మాది తగ్గించం అంటారు, అప్పుడు 90 వేలు కాయితం మీద బేరం మొదలుపెట్టాలి. ఫ్లోరింగ్ పని మొదలవక ముందే అడగాలి ఇదంతా, టైల్స్ లోడు సైట్‌లో దిగాక ఎవడూ వినడు.

కిచెన్ గట్టు గ్రానైట్‌కి కూడా ఇదే పద్ధతి. మనకి ఇక్కడ ఒక అదృష్టం ఏంటంటే టెక్కలి దగ్గరే, శ్రీకాకుళం బ్లూ అని ఊళ్ళూళ్ళూ ఎగుమతి చేసే రాయి పక్క జిల్లాలోనే తీస్తారు. హైవే మీద ఇచ్ఛాపురం దాటితే ఒడిశానే కాబట్టి బండి మీద తెచ్చేసుకోవచ్చు అనుకుంటారు, తేవచ్చు, జీఎస్‌టీ రేటు రెండు రాష్ట్రాల్లో ఒకటే, కాకపోతే సరుకు 50 వేలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే కాయితం) ఉండాలి, అది షాపు వాళ్ళతోనే తీయించండి.

ఇంక గోడ లోపల దాక్కునేవి, వైర్లు, పైపులు. ఇక్కడ బేరం కూడా అనవసరం, బిల్డర్‌తోనే, అది కూడా ప్లాస్టరింగ్‌కి ముందే. ఏసీకి, గీజర్‌కి విడిగా 4 స్క్వేర్ ఎంఎం వైరు, విడి ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్), మిగతా పవర్ ప్లగ్గులకి 2.5, లైట్లకి 1.5, ఇది మామూలుగా అందరూ వాడే సైజు. ఇప్పుడు ఏసీ కొనే ఉద్దేశం లేకపోయినా ప్రతి బెడ్రూమ్‌కీ వైరూ డ్రెయిన్ పైపూ లాగించి పెట్టుకోండి. ఇన్వర్టర్ లైన్ కూడా. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తర్వాత ఇక్కడ ఎన్ని రోజులు కరెంటు లేకుండా ఉన్నామో అప్పుడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. తర్వాత చేయిస్తే గోడకి గాడి కొట్టాలి, మళ్ళీ ప్లాస్టరింగ్, పుట్టీ, పెయింటు, ఎంత బాగా చేసినా వెలుతురు పడితే ఆ గీత కనిపిస్తూనే ఉంటుంది.

బాత్రూమ్ విషయం కొంచెం విడమర్చి చెప్పాలి, ఎక్కువ గొడవలయ్యేది ఇక్కడే. రెరా సెక్షన్ 14(3) ప్రకారం పొసెషన్ ఇచ్చిన తేదీ నుంచి 5 సంవత్సరాల లోపు స్ట్రక్చర్‌లో గానీ పనితనంలో గానీ లోపం బయటపడితే, మనం చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ పైసా తీసుకోకుండా బాగుచెయ్యాలి. మన వాతావరణంలో లీకేజీ అనేది వస్తుందా రాదా అని కాదు, ఎప్పుడొస్తుంది అనే. మా చిన్నాన్న వాళ్ళబ్బాయి తాళాలు తీసుకున్న వెంటనే బాత్రూమ్ టైల్స్ పీకించి నచ్చినవి వేయించుకున్నాడు, రెండో వానాకాలానికి కింద ఫ్లాట్ వాళ్ళ సీలింగ్ తడిసింది. బిల్డర్ ఒకటే మాట, 'మీరు పగలగొట్టినప్పుడు వాటర్‌ప్రూఫింగ్ పోయింది, నాకు సంబంధం లేదు'. మేస్త్రిని అడిగితే బిల్డర్ వేసిన కోటింగే సరిగ్గా లేదంటాడు. ఎవరిది తప్పో తేలలేదు, ఖర్చు మాత్రం వీడిదే, పైగా కింద వాళ్ళతో మాటలు బంద్. కాబట్టి బాత్రూమ్‌లో నేల జోలికి వెళ్ళే ఏ మార్పైనా బిల్డర్ ఎక్కువ అడిగినా అతనితోనే చేయించడం మేలు, ఆ ఎక్కువ డబ్బులు 5 ఏళ్ళ పూచీకి అనుకోండి. కుళాయిలు, షవర్, వాష్‌బేసిన్ లాంటివి మాత్రం అస్సలు అతని దగ్గర అప్‌గ్రేడ్ చేయొద్దు, గిరి రోడ్‌లో తిరిగితే నచ్చినవి దొరుకుతాయి, ప్లంబర్ ఒక పూటలో మార్చేస్తాడు, తీసినవి పల్లెలో ఇంటికి పనికొస్తాయి.

ఇప్పుడు అతను అసలు వెయ్యనివి: వార్డ్‌రోబ్‌లు, మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్, టీవీ యూనిట్. వీటిలో పారేసే పాత సరుకు ఏమీ ఉండదు కాబట్టి బయటే. అసలు బిల్డర్ కూడా ఇవి బయటవాళ్ళకే ఇచ్చి మధ్యలో తన వాటా కలుపుకుంటాడు. వడ్రంగి పని చేయించేటప్పుడు సముద్రపు గాలి సంగతి మర్చిపోకండి, కిచెన్ సింకు కింద, బాత్రూమ్ గోడకి ఆనుకున్న వార్డ్‌రోబ్‌కి నీళ్ళకి తట్టుకునే ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ అడగండి, పొడి గదుల్లో మామూలు ఐఎస్ 303 సరిపోద్ది. కిటికీ గ్రిల్స్ కూడా అంతే, మామూలు ఇనుముకి ఏటేటా రంగు వెయ్యాల్సిందే. మంచి పనివాళ్ళు దొరకడమే కష్టం, మన గంజాం జిల్లా కుర్రాళ్ళు చాలామంది సూరత్‌లో ఉంటారు, ఉన్నవాళ్ళు జూన్‌లో రజ పండక్కి పని ఆపేస్తారు, తర్వాత వానలు. బయట చేయించే వాళ్ళు ఈ టైము కూడా లెక్కలో వేసుకోవాలి, ఎందుకంటే అద్దె ఇల్లు, బ్యాంకు ఈఎంఐ రెండూ ఒకేసారి నడుస్తుంటాయి. పైగా మనవాళ్ళకి ముహూర్తం ఒకటి, ఆషాఢం వచ్చేస్తుంది ఈ లోపే దిగిపోవాలి అనే తొందరలోనే బిల్డర్ ఏ రేటు చెప్తే దానికి తలూపేస్తారు. పాలు పొంగించేసుకుని తర్వాత నెమ్మదిగా వార్డ్‌రోబ్‌లు చేయించుకుంటే కొంపలేం మునిగిపోవు.

పన్ను లెక్క ఒకటుంది, ఇది చూడకుండా సంతకం పెట్టొద్దు. కడుతున్న ఫ్లాట్ మీద జీఎస్‌టీ 5 శాతం. కానీ మన బరంపురం లాంటి నాన్-మెట్రో ఊళ్ళో కార్పెట్ ఏరియా (ఫ్లాట్ లోపల మనం వాడుకునే నేల) 90 చదరపు మీటర్లు, అంటే సుమారు 968 అడుగుల లోపు, బిల్డర్ వసూలు చేసే మొత్తం 45 లక్షల లోపు ఉంటే 1 శాతమే, 2019 ఏప్రిల్ నుంచి ఈ పద్ధతి. ఆ మొత్తంలో కార్ పార్కింగ్ లాంటివి కూడా కలుస్తాయి. 43.5 లక్షల ఫ్లాట్ అనుకోండి, 1 శాతం చొప్పున 43,500. దానికి బిల్డర్ దగ్గరే 2 లక్షల అప్‌గ్రేడ్‌లు కలిపి 45.5 లక్షలు చేశారంటే మొత్తం మీద 5 శాతం, 2,27,500. రెండు లక్షల పనికి లక్షా ఎనభై నాలుగు వేలు అదనపు పన్ను! ఈ 45 లక్షల గీతకి దగ్గర్లో ఉన్నవాళ్ళకి పై లెక్కలన్నీ తలకిందులే, టైల్స్ పగలగొట్టుకోవడమే చవకైపోవచ్చు. అగ్రిమెంట్ రేటు పెరిగితే రిజిస్ట్రేషన్ కూడా పెరుగుతుంది, ఒడిశాలో మగవాళ్ళ పేరు మీదైతే స్టాంప్ డ్యూటీ 5 శాతం, ఆడవాళ్ళ పేరు మీదైతే 4, దానికి తోడు రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం.

'హోమ్‌లోన్‌లో కలిపేద్దాం సార్, నెలకి ఏమంత తేడా రాదు' అని మార్కెటింగ్ కుర్రాడు అంటాడు. లక్షకి 8.5 శాతం మీద 20 ఏళ్ళకి ఈఎంఐ సుమారు 868, నిజంగానే తెలీదు, కానీ మొత్తం కట్టేది 2.08 లక్షలు. అదే లక్ష 12 శాతం పర్సనల్ లోన్ మీద 5 ఏళ్ళకి తీసుకుంటే నెలకి 2,224, మొత్తం 1.33 లక్షలు. వడ్డీ రేటు ఎక్కువైనా కట్టేది తక్కువ. హోమ్‌లోన్‌లో కలిపి మధ్యలో బోనస్ వచ్చినప్పుడు ముందే కట్టేసే క్రమశిక్షణ ఉంటే అదే బెస్టు, ఫ్లోటింగ్ రేటు మీద పెనాల్టీ కూడా వెయ్యకూడదు, కానీ బోనస్ వస్తే మనం ఏం కొంటామో మనకి తెలుసు కదా. గోడ లోపల పనికి, నేలకి లోన్‌లో కలిపినా పర్లేదు, ఇరవై ఏళ్ళు ఉండేవే అవి. ఫాల్స్ సీలింగ్ లైట్లకి ఇరవై ఏళ్ళ వడ్డీ మాత్రం వద్దు.

మా బావకి చివరికి నేను చెప్పింది ఇదీ: వైరింగ్, బాత్రూమ్ నేల బిల్డర్‌కి ఇచ్చేయ్, హాల్ టైల్స్ నువ్వు తెచ్చి డబ్బు తగ్గించమని అడుగు, మిగతాది ఏదీ ఆ కాయితం మీద టిక్కు పెట్టకు. ఒప్పుకున్న ప్రతిదీ బ్రాండు, సైజు, తగ్గించిన డబ్బుతో సహా రాయించి సంతకం తీసుకో, అగ్రిమెంట్ రిజిస్టర్ అవ్వకుండా ఫ్లాట్ రేటులో 10 శాతం దాటి ఇవ్వకు, అంతకంటే ఎక్కువ అడగడానికి రెరా ఒప్పుకోదు. 'ఏటి బావా, అంటే సగం దోపిడీకి ఒప్పుకోమంటావా' అన్నాడు. హాల్ టైల్స్ దగ్గర బిల్డర్ 100 నుంచి 60కి దిగాడు, ఇంకా బేరం నడుస్తోంది.