రైజెన్ 7 5700ఎక్స్3డీ: ఏడాదిన్నర వాడాక

కౌంటర్ స్ట్రైక్ 2 అనే షూటింగ్ గేమ్ రోజూ ఆడేవాళ్లకు ఈ బాధ తెలుసు. మిరాజ్ అనే మ్యాపులో ఐదుగురం కలిసి ‘A’ సైట్ (బాంబు పెట్టే చోటు) మీదికి వెళ్తాం. రెండు స్మోక్‌లు (పొగ బాంబులు), ఒక మాలటోవ్ (మంట పెట్టే సీసా), పైన ఫ్లాష్ (కళ్లు చెదరగొట్టే వెలుగు). అంతవరకు హాయిగా నడిచిన ఆట సరిగ్గా అక్కడే ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. మళ్లీ కదిలేసరికి నేను చచ్చి పడి ఉంటాను. నెలల తరబడి నాకు రోజూ ఇదే. ఈ 5700ఎక్స్3డీ ప్రాసెసర్ (కంప్యూటర్ లెక్కలన్నీ చేసే చిప్) పెట్టిన రాత్రి నుంచి అది పోయింది. ఆ సంతోషం ఇంకా తగ్గలేదు.

నా పాత సెటప్: రైజెన్ 5 3600 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 సూపర్ గ్రాఫిక్స్ కార్డు. ఎవరిని అడిగినా ఒకటే మాట, కార్డు మార్చు అని. షాపులోనూ అదే చెప్పారు. ఆర్‌టీఎక్స్ 3060 తెచ్చి పెట్టాను. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద పడే ఫ్రేములు, అంటే బొమ్మలు) కాస్త పెరిగింది గానీ బిగుసుకుపోవడం అలాగే ఉంది. కార్డు తప్పేం లేదు. 1080పీ రిజల్యూషన్‌లో సెట్టింగులన్నీ తగ్గించి ఆడితే దానికి చేతినిండా పనే ఉండదు. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిస్తే కార్డు వాడకం 55 శాతం దగ్గర తిరుగుతోంది. మిగతా సమయమంతా ప్రాసెసర్ ఎప్పుడు పంపిస్తుందా అని ఎదురుచూడటమే. ఈ ఒక్క అంకె ముందే చూసుకుని ఉంటే ఆ డబ్బు మిగిలేది.

గిగాహెర్ట్జ్ చూసి కొనేవాళ్లు ఈ చిప్‌ను పక్కన పెట్టేస్తారు. నా పాత 3600 గరిష్ఠంగా 4.2కు వెళ్తుంది, ఇది 4.1 దగ్గరే ఆగుతుంది. దీని బలమంతా ఎల్3 క్యాష్‌లో, అంటే చిప్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీలో ఉంది. మామూలు 32 ఎంబీ మీద ఇంకో 64 ఎంబీ పొర పేర్చి మొత్తం 96 చేశారు. పాతదాంట్లో ఉన్న 32 కూడా 16 చొప్పున రెండు ముక్కలు. వంట చేసేటప్పుడు పోపుల పెట్టె పొయ్యి పక్కనే ఉండటానికీ, ఆవాలు కావాల్సినప్పుడల్లా అటక ఎక్కి దించుకోవడానికీ ఉన్న తేడా ఇది. స్మోక్‌లో బుల్లెట్ దూరినప్పుడు ఆ పొగ విడిపోవాలి, పదిమంది ఎక్కడున్నారో లెక్క చూడాలి, అన్నీ ఒకేసారి. ర్యామ్ దాకా వెళ్లి రావడం ఎంత తగ్గితే ఆట అంత సాఫీగా నడుస్తుంది. కోర్లు కొత్త తరానివి కావడం కూడా కలిసొచ్చింది.

ఆట వర్క్‌షాప్‌లో (ఆటగాళ్లు చేసిన మ్యాపులు దొరికే చోటు) ఉండే, వేగం కొలిచే బెంచ్‌మార్క్ మ్యాపు నడిపితే చివర్లో కన్సోల్‌లో రెండు అంకెలు వస్తాయి: సగటు, పీ1. నేను చూసేది పీ1నే. ఆట బాగా నెమ్మదించిన క్షణాల్లో వేగం ఎంతకు పడుతోందో అది చెబుతుంది. 3600తో సగటు 190, పీ1 68. దీంతో సగటు 310, పీ1 142. నా మానిటర్ 144 హెర్ట్జ్, అంటే దానికి దాదాపు 7 మిల్లీసెకన్లకో ఫ్రేమ్ కావాలి. ఇప్పుడు గొడవ మధ్యలో కూడా అందుతోంది.

అయితే ఒక మాట చెప్పాలి. చిప్ మార్చేటప్పుడు బయోస్‌లోకి (బోర్డు సెట్టింగులు ఉండే చోటు) వెళ్తే, 3200 వేగంతో నడవాల్సిన నా ర్యామ్ అన్నాళ్లూ 2133 దగ్గరే నడుస్తోందని బయటపడింది. ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ సెట్టింగు ఎప్పుడూ ఆన్ చేయలేదు. కాబట్టి పై తేడా అంతా చిప్‌దే అనలేను. తర్వాత ఎక్స్‌ఎంపీ ఆపి కొలిస్తే పీ1 128 వచ్చింది. 3600లో ఆన్ చేసి ఉంటే ఎంత వచ్చేదో కొలిచే అవకాశం పోయింది, అప్పటికే దాన్ని మా పిన్ని కొడుక్కి ఇచ్చేశాను.

ఇక కూలర్ సంగతి. పెట్టెలో కూలర్ రాదు. 3600తో వచ్చిన చిన్న కూలరే తగిలించి, సరిపోతుందని ముగ్గురు స్నేహితులకు నేనే చెప్పాను. శీతాకాలమంతా 75 డిగ్రీలు దాటలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. విజయవాడలో మేడ మీది గది, స్లాబు రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతుంది. చిప్ 90కి చేరింది. దాని హద్దు అదే. అక్కడి నుంచి వేగం తానే తగ్గించుకుంటుంది, స్మోక్ దగ్గర బిగుసుకుపోవడం మళ్లీ మొదలైంది. 65 వాట్ల చిప్‌కు ఇచ్చిన కూలర్‌ను 105 వాట్ల చిప్‌కు పెట్టడం నా పొరపాటు.

టవర్ కూలర్ తెప్పించి, ఒక రాత్రి నాలుగు స్క్రూలు విప్పి పాతదాన్ని పైకి లాగాను. ప్రాసెసర్ దానితోపాటే ఊడొచ్చింది. సాకెట్ లివర్ వేసే ఉంది, చిప్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్ట్ ఎండి బంకలా పట్టేసింది. చిప్ కింద 1331 సన్నని పిన్నులు. ఫోన్ టార్చ్ వేసి చూస్తే ఒక మూల రెండు వంగి ఉన్నాయి. చేతులు చల్లబడిపోయాయి. లెడ్ తీసేసిన 0.5 పెన్సిల్ మొనను పిన్నుకు తొడిగి వెంట్రుకవాసి చొప్పున లేపాను. ఏటీఎం కార్డు అంచును వరసల మధ్య నడిపి నిటారుగా ఉన్నాయో లేదో చూసుకున్నాను. నలభై నిమిషాలు పట్టింది. చిప్ సాకెట్లో నొక్కకుండా దానంతట అదే జారి కూర్చోవాలి. మూడోసారికి కూర్చుంది. ఆన్ చేసి ముందు చూసింది ర్యామ్ అంకె, ఎందుకంటే పిన్ను పోతే ఒక ర్యామ్ స్టిక్ కనిపించకపోవచ్చు. 16 అని పడ్డాక ఊపిరి పీల్చుకున్నాను. కూలర్ విప్పేముందు పది నిమిషాలు గేమ్ నడిపి పేస్ట్ వేడెక్కనివ్వండి, మెషీన్ ఆపేశాక కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పండి, నేరుగా లాగకండి. ఇప్పుడు ఎండాకాలంలోనూ 72 దాటట్లేదు.

ఆఫీసు పనిలో తేడా ఏమీ లేదు. సైబర్‌పంక్ లాంటి ఆటలో కార్డే అడ్డు కాబట్టి అక్కడా పెద్దగా లేదు. సాయంత్రాల్లో వచ్చే కొన్ని జర్కులు వైఫైవి, లాన్ కేబుల్ వేశాక పోయాయి.

నాకు బీ450 మదర్‌బోర్డు, డీడీఆర్4 ర్యామ్ ముందే ఉన్నాయి. యూపీఎస్ మీద పెట్టి బయోస్ అప్‌డేట్ చేసుకుంటే చాలు, చిప్ ఒక్కటే కొన్నాను. అందుకే నాకు గిట్టింది. కొత్తగా మొత్తం కట్టేవాళ్లైతే ఈ పాత సాకెట్ వైపు రావద్దంటాను. 240 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాళ్లకు ఇది సరిపోతుందని కూడా చెప్పలేను. మా పిన్ని కొడుకు మొన్న ఫోన్ చేసి, “అన్నయ్యా, నేనూ అదే కొననా?” అని అడిగాడు. ముందు ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, పీ1 ఎంతొచ్చిందో చెప్పరా అన్నాను.