జాగ్రత్త: "300 గజాల మజిల్‌లోడర్" అన్న ప్రకటన చూసి డబ్బు కట్టేయకండి

మజిల్‌లోడర్ (గొట్టం మూతిలోంచి మందు, తూటా దట్టించే తుపాకీ) వేట సీజన్ దగ్గర పడిందంటే అమెరికాలో వాడిన తుపాకుల ప్రకటనల్లో ఈ బేరం తప్పకుండా కనిపిస్తుంది: "300 గజాల దాకా పనిచేస్తుంది, స్కోపుతో సహా ఇస్తాం, పెట్టె విప్పి కాల్చడమే." పెట్టెలో .50 క్యాలిబర్ ఇన్‌లైన్ (నిప్పు గొట్టం వెనక నుంచి నేరుగా అంటుకునే ఆధునిక రకం), 3 నుంచి 9 రెట్లు పెంచి చూపే స్కోపు, 50 గ్రెయిన్ల పెల్లెట్ల (బిళ్లలుగా నొక్కిన మందు) డబ్బా, ఓ ప్యాకెట్ సాబో తూటాలు (ప్లాస్టిక్ తొడుగులో కూర్చున్నవి) ఉంటాయి. గ్రెయిన్ అంటే మందుకూ తూటాకూ వాడే చిన్న కొలత. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఇప్పుడే ముగించి మొదటి తుపాకీ కోసం వెతుకుతున్న మనవాళ్లు దీనికే పడిపోతున్నారు. ఒక్కసారి కాల్చాక చాలాచోట్ల వెనక్కి తీసుకోరు. పోయేది డబ్బే అయితే ఇంత రాయక్కర్లేదు. జింక గాయంతో అడవిలో పడి చావడం, గొట్టం చేతిలో పేలడం కూడా ఈ బేరంలోనే ఉన్నాయి.

ముందు ఆ 300 గజాల సంగతి. 250 గ్రెయిన్ల సాబో తూటా గొట్టం మూతి దగ్గర సెకనుకు 1900 అడుగుల వేగంతో బయల్దేరుతుందనుకోండి. ఈ తరగతి తుపాకీకి అది మామూలు వేగం. తూటా పొట్టిగా, లావుగా ఉంటుంది కాబట్టి గాలిలో వేగం తొందరగా పడిపోతుంది. 100 గజాలకు జీరో చేస్తే, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా స్కోపు సర్దితే, 200 దగ్గర అడుగు కిందికి దిగుతుంది, 300 దగ్గర దాదాపు నాలుగడుగులు. 300 దగ్గర దూరం లెక్కలో 20 గజాలు పొరబడితే చాలు, తగిలే చోటు ఎనిమిది అంగుళాలు మారిపోతుంది. అడ్డగాలి గంటకు 10 మైళ్లుంటే 200 గజాల్లో పది అంగుళాలు, 300లో రెండడుగుల పైన పక్కకు నెడుతుంది. వైట్‌టెయిల్ జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు వెడల్పు ఎనిమిది నుంచి పది అంగుళాలు. అంటే 200 గజాల్లోనే ఆకులు కదిలేపాటి గాలి ఆ గురిని పొట్టలోకి తోసేయగలదు. జింక మీద కనీసం 1000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలని వేటగాళ్లు పాటించే పాత లెక్క. ఈ తూటాకు 200 గజాలకే అది అయిపోతుంది, 300కి 700 దగ్గర మిగులుతుంది. ఆ వేగంలో చాలా తూటాలు విచ్చుకోవు కూడా. సన్నని రంధ్రం చేసి బయటికి పోతాయి, రక్తపు జాడ కూడా సరిగా దొరకదు. తూటా విచ్చుకోవడానికి కనీసం ఎంత వేగం కావాలో చాలా ప్యాకెట్ల మీద రాసి ఉంటుంది, కొనేముందు అది చదవండి.

స్కోపు అద్దంలో 100, 200, 250 అని గీతలున్నాయి కదా, ఇంకేం కావాలి అని అమ్మేవాళ్లు అంటారు. ఆ గీతలు ఒక ఫలానా తూటాకి, ఫలానా వేగానికి లెక్కగట్టి గీసినవి. మీ మందు మారితే, తూటా మారితే అవి తప్పు చెబుతాయి. క్రోనోగ్రాఫ్‌తో వేగం కొలవకుండా ఆ గీతల్ని నమ్మడానికి లేదు.

గొట్టం లోపలి మెలిక (తూటాను గిర్రున తిప్పే గాడుల చుట్టు) సంగతి అడక్కుండా ఏ మజిల్‌లోడరూ కొనొద్దు. .50 క్యాలిబర్‌లో 1:28 అంటే 28 అంగుళాలకు ఒక చుట్టు, సాబోలకూ పొడుగు తూటాలకూ అది సరిపోతుంది. 1:66 గుండ్రటి సీసపు గుండుకు. 1:48 రెండింటికీ మధ్యస్థంగా చేసిన రాజీ. పక్కన సుత్తి ఉండే పాతరకం తుపాకీకి స్కోపు బిగించి "లాంగ్ రేంజ్" అని అమ్ముతున్నప్పుడు లోపల 1:48 గానీ 1:66 గానీ ఉంటే, సాబో తూటా నిలకడగా తిరగకపోవచ్చు. 100 గజాల్లోనే కాగితం మీద చిల్లులు అడ్డదిడ్డంగా పడొచ్చు. ఈ అంకె చాలా గొట్టాల మీదే చెక్కి ఉంటుంది. ఫొటో పంపమనండి.

ఇక మందు. అన్నిటికంటే ప్రమాదం ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

మూడు పెల్లెట్లు, అంటే 150 గ్రెయిన్లు వేస్తే దూరం పోతుందని పెట్టెలో చీటీ పెడతారు. పోయే దూరం కొద్దిగానే పెరుగుతుంది, భుజం మీద దెబ్బ మాత్రం బాగా పెరుగుతుంది. చాలా తుపాకుల్లో తూటాలు ఒకచోట పడకుండా చెదిరిపోతాయి. రెండు పెల్లెట్లతో కుదురుగా కొట్టే తుపాకీ మూడింటితో కుదరకపోవడం మామూలే. పెల్లెట్‌ను సగం చేసి వేయలేం కాబట్టి మధ్యలో సర్దుకునే వీలు లేదు. దూరం గురి కావాలంటే విడి పొడి వాడి, ఐదేసి గ్రెయిన్లు మార్చుకుంటూ మీ గొట్టానికి ఏది నచ్చుతుందో చూడాల్సిందే.

విడి పొడి కొలతలో చాలామంది పడే గొయ్యి ఒకటుంది. మజిల్‌లోడర్ లెక్కలో "100 గ్రెయిన్లు" అంటే బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్లమందు) కొలపాత్రలో ఆ గీత దాకా పట్టే పొడి. అది తూకం కాదు. బ్లాక్ పౌడర్ బదులు వాడే బ్లాక్‌హార్న్ 209 తేలిక పొడి, దాని తూకం ఆ అంకెలో 0.7 వంతు. కొలపాత్రలో 100 అంటే త్రాసు మీద 70 గ్రెయిన్లు. గరిష్ఠం కొలతలో 120, తూకంలో 84. తుపాకీ మాన్యువల్లో అంతకంటే ఎక్కువ వాడొచ్చని ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప ఆ గీత దాటకూడదు. ఇది తెలియక త్రాసు మీద 120 గ్రెయిన్లు తూచి పోశారంటే గరిష్ఠానికి మరో 40 శాతం పైన దట్టించినట్టే. వంటింటి త్రాసు అసలు వద్దు. అది గ్రాముల్లో చూపిస్తుంది, గ్రాముకు 15 గ్రెయిన్లకు పైనే. ఒక్క అంకె అటూ ఇటూ అయితే పదిహేను గ్రెయిన్ల తేడా. ట్రిపుల్ సెవెన్ పొడి వాడితే లెక్క మళ్లీ వేరు: అదే కొలతకు బ్లాక్ పౌడర్ కంటే బలం ఎక్కువ, అందుకే 15 శాతం తగ్గించి పోయాలి.

"దీంట్లో స్మోక్‌లెస్ కూడా నడుస్తుంది" అని, అంటే నేటి మామూలు తూటాల్లో ఉండే పొగరాని మందు కూడా వేయొచ్చని, ఎవరైనా నోటిమాటగా చెబితే అక్కడితో బేరం ఆపేయండి. సెవేజ్ 10ఎమ్ఎల్-2 లాంటివి, స్మోక్‌లెస్ కోసమే తయారైన ఇంకొన్ని తుపాకులు తప్ప, మామూలు ఇన్‌లైన్లలో స్మోక్‌లెస్ మందు దట్టిస్తే గొట్టం పగులుతుంది. బ్లాక్‌హార్న్ గింజలు చూడ్డానికి స్మోక్‌లెస్ గింజల్లాగే ఉంటాయి, అందుకే ఈ గందరగోళం. డబ్బా మూత ఊడి, పేరు చెరిగిన మందు "ఫ్రీ" అని ఇచ్చినా తీసుకోవద్దు.

బ్లాక్‌హార్న్ అంటుకోవాలంటే బలమైన 209 ప్రైమర్ (మందుకు నిప్పంటించే చిన్న గుళిక) కావాలి. ఫెడరల్ 209ఎ, సీసీఐ 209ఎమ్ సరిపోతాయి. మజిల్‌లోడర్ల కోసమని అమ్మే బలం తక్కువ 209 ప్రైమర్లతో ట్రిగ్గర్ నొక్కిన కొద్దిసేపటికి గానీ పేలదు, ఒక్కోసారి పేలనే పేలదు. పేలలేదని మూతి పక్కకు తిప్పొద్దు. గురి దిక్కునే ఉంచి కనీసం రెండు నిమిషాలు ఆగండి.

వాడిన తుపాకీ కొంటుంటే చేతిలోకి తీసుకోగానే మొదట చేయాల్సింది, అది దట్టించి ఉందేమో చూడటం. ప్రైమర్ తీసేసి, దట్టించే కడ్డీని మూతిలోంచి అడుగుదాకా దించండి. మూతి దగ్గర కడ్డీ మీద గోటితో గుర్తు పెట్టుకుని బయటికి తీసి, గొట్టం పక్కన ఆనించండి. కడ్డీ కొస బ్రీచ్ ప్లగ్గు (గొట్టం వెనక కొసను మూసే మర బిరడా) ముఖం దగ్గరికి రావాలి. రెండు మూడు అంగుళాలు ముందే ఆగిందంటే లోపల మందూ తూటా ఉన్నట్టే. ఏళ్ల తరబడి మూలన పడేసిన తుపాకులు ఇలాగే చేతులు మారుతుంటాయి.

తర్వాత బ్రీచ్ ప్లగ్గు మీ ఎదుటే విప్పమనండి. మర తిరగకపోతే, "కాస్త నూనె పోస్తే వచ్చేస్తుంది" అన్నా నమ్మొద్దు, ఆ తుపాకీని సరిగ్గా కడగలేదని దాని అర్థం. బ్లాక్ పౌడర్ మసి, దాని బదులు వాడే పైరోడెక్స్ మసి గాలిలో తేమ పీల్చి ఇనుమును తినేస్తుంది. ప్లగ్గు ఊడొచ్చాక వెలుతురు వైపు పెట్టి గొట్టంలోంచి చూడండి. తడిపిన గుడ్డముక్క కడ్డీకి చుట్టి నెమ్మదిగా దించండి. ఒకేలా బిగుతుగా జారాలి. మధ్యలో ఎక్కడైనా హఠాత్తుగా వదులైతే అక్కడ గొట్టం ఉబ్బింది. తూటా మందు మీద ఆనకుండా మధ్యలో ఆగిపోయినప్పుడు కాల్చితే వచ్చే దెబ్బ అది. గరుకుగా పట్టి గుడ్డ ఎర్రగా వస్తే తుప్పు గుంటలు. రెండిట్లో ఏది ఉన్నా ఎంత తక్కువకిచ్చినా వద్దు. ప్లగ్గు మధ్యనుండే నిప్పురంధ్రం అంచు గుండ్రంగా, పదునుగా ఉందో చూడండి. కోడిగుడ్డు ఆకారంలో అరిగితే ప్లగ్గు మార్చాలి, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

చట్టం విషయంలో "ఇది యాంటిక్ కిందకి వస్తుంది, లైసెన్సు, పేపర్లు అక్కర్లేదు, ఇంటికే వస్తుంది" అనేది సగం నిజం. ఫెడరల్ నిర్వచనం ప్రకారం బ్లాక్ పౌడర్ మజిల్‌లోడర్‌కు ఆ మినహాయింపు ఉంది, కానీ మామూలు రైఫిల్ రిసీవర్ (గొట్టం, ట్రిగ్గర్ బిగించే చట్రం) మీద కట్టినవాటికి లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో ఇన్‌లైన్ మజిల్‌లోడర్ కూడా తుపాకీయే, కొనడానికి తుపాకీ కొనుగోలుదారు ఐడీ కార్డు కావాలి. హెచ్1బీ వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ చట్టం తుపాకీ ఉంచుకోవడాన్ని నిషేధిస్తుంది, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు ఉంది. ఆ కాగితం లేకుండా రిసీవర్ ఉన్న తుపాకీ ఇంట్లోకి తేవద్దు. వేట నియమాలూ రాష్ట్రానికో తీరు. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్లో స్కోపు, సాబో, పెల్లెట్లు మూడూ నిషేధం, అంటే ఆ "300 గజాల" పెట్టెలో తుపాకీ తప్ప మిగతావేవీ అక్కడ పనికిరావు. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాతి సీజన్ చెకుముకి తుపాకీకే. మందును విమానంలో తీసుకెళ్లడం కుదరదు, వెళ్లిన ఊళ్లోనే కొనుక్కోవాలి. ఇంకోమాట, దీన్ని మన ఊళ్లోని నాటు తుపాకీ చుట్టంలా చూసి ఇండియా పట్టుకెళ్లే ఆలోచన ఎవరికీ రాకూడదు. అక్కడ లైసెన్సు లేని నాటు తుపాకీయే నేరం, 1972 వన్యప్రాణి చట్టం కింద జింక వేట కూడా నేరమే.

మరి ఏది కొనాలి? చాలామంది కాల్చేది 150 గజాల లోపే. అందుకు 1:28 మెలికున్న .50 ఇన్‌లైన్, 250 నుంచి 290 గ్రెయిన్ల తూటా, కొలతలో 100 గ్రెయిన్ల బ్లాక్‌హార్న్ చాలు, గాలి లేని రోజు 200 దాకా వెళ్లొచ్చు. నిజంగానే అంతకు మించి కావాలంటే దానికోసమే చేసిన తుపాకులున్నాయి: మెలిక బిగువుగా ఉండే .45 గొట్టం, సన్నగా పొడుగ్గా గాలిని చీల్చే తూటా, రైఫిల్ ప్రైమర్. సీవీఏ పారమౌంట్ ఈ కోవలోది. ఖరీదు మామూలు ఇన్‌లైన్‌కు కొన్ని రెట్లు, మంచి స్కోపు, రేంజ్‌ఫైండర్ దానికి అదనం. 300 గజాల మాట ఆ ఖర్చు పెట్టి, ఆ సాధన చేసినవాళ్లు మాట్లాడాలి.

కొన్నాక సీజన్‌కు ముందే రేంజ్‌లో తేల్చుకోండి. మందు మీద తూటా ఆనినప్పుడు కడ్డీ మీద మూతి దగ్గర గీత గీయండి, ప్రతిసారీ ఆ గీత అక్కడికే రావాలి. ఒకే బలంతో నొక్కండి. ట్రిపుల్ సెవెన్ వాడేవాళ్లు ప్రతి దెబ్బకూ తడిగుడ్డ, పొడిగుడ్డ దించాలి, లేకపోతే మందు పైన గట్టి మసి వలయం కట్టి తర్వాతి తూటా దానిమీదే ఆగిపోతుంది. గొట్టం వేడెక్కితే సాబో ప్లాస్టిక్ మెత్తబడుతుంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఐదు నిమిషాలు ఆగండి. వేటలో మీకు దొరికేది చల్లని గొట్టంతో మొదటి దెబ్బే కాబట్టి లెక్కలోకి తీసుకోవాల్సింది కూడా దాన్నే. మూడు వేర్వేరు రోజుల్లో, మొదటి దెబ్బ ఒక్కటే, ఒకే ఎనిమిది అంగుళాల పేపర్ ప్లేటు మీద కొట్టండి. ఆ మూడు చిల్లులూ ప్లేటులో పడినంత దూరమే ఈ ఏడాది మీ దూరం.