మైనస్ 11 సైటుకి ఐసీఎల్: ఏడాది వాడాక రాస్తున్న రివ్యూ

ఐసీఎల్, అంటే సైటు పోవడానికి కంటి లోపల లెన్సు పెట్టే ఆపరేషన్, అయిన మూడో రోజు రాసే రివ్యూలు పెద్దగా నమ్మకండి. అప్పుడు అందరూ గాల్లో తేలుతుంటారు. నేనూ తేలాను, గోడ మీద క్యాలెండర్‌లో చిన్న అక్షరాలు మంచం మీద నుంచే చదివేస్తున్నానని ఇంట్లో అందరి ప్రాణం తీశాను. అందుకే కావాలనే ఏడాది ఆగి రాస్తున్నాను.

నాది కుడి కన్ను మైనస్ 11, ఎడమ కన్ను మైనస్ తొమ్మిదిన్నర, ఎడమ దానికి పైగా రెండుంపావు సిలిండర్. సోడాబుడ్డి కళ్లద్దాలంటారే, అచ్చంగా అవే. పొద్దున్నే కళ్లజోడు ఎక్కడ పెట్టానో వెతకాలంటే ముందు కళ్లజోడు కావాలి, అదీ నా బతుకు. కాంటాక్ట్ లెన్సులు ఆరేళ్లు వాడాను, చివరికి సాయంత్రమయ్యేసరికి కళ్లలో ఇసుక పోసినట్టు ఉండేది. లేజర్‌తో చేసే లేసిక్ చేయించుకుందామని వెళ్తే కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) మందం 485 మైక్రాన్లే ఉందని, కుదరదని చెప్పేశారు. తర్వాత నేనే లెక్క వేసుకుంటే విషయం అర్థమైంది. లేసిక్‌లో ఒక్కో పవర్ నంబరుకు సుమారు 12 నుంచి 15 మైక్రాన్ల కార్నియా కరిగించేస్తారు, నా కుడి కంటికి 150 దాకా పోతుంది, పైన మూతలా లేపే పొరకి ఇంకో 110 తీసేస్తే కింద మిగిలేది 225. కనీసం 250 మిగలాలి, చాలామంది డాక్టర్లు 300 ఉండాలంటారు. అంటే కుదరదన్నవాళ్లు నాకు మంచే చేశారు. ఇలాంటి కార్నియాకి కూడా ఏదో ఒకటి చేసేద్దామనేవాళ్లు దొరికితే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఐసీఎల్‌లో కార్నియాని చెక్కరు. ఐరిస్ (కనుపాప చుట్టూ ఉండే రంగు వలయం) వెనకాల, మన సొంత లెన్సుకి ముందు, పల్చటి లెన్సు ఒకటి పెడతారు. కంట్లోనే పర్మనెంట్‌గా ఉండే కాంటాక్ట్ లెన్సు అనుకోండి, కాకపోతే రాత్రి తీసి పెట్టే పని ఉండదు, బయటికి కనిపించదు, లోపల ఉన్నట్టు కూడా తెలియదు. కొల్లాజెన్ కలిపిన కొల్లామర్ అనే మెత్తటి పదార్థంతో చేస్తారు, స్టార్ సర్జికల్ అనే అమెరికా కంపెనీది. ఐరిస్ వెనక లెన్సు పెట్టొచ్చన్న ఆలోచన కొత్తదేమీ కాదు, 1986లోనే రష్యాలో ఫ్యోదరోవ్ అనే డాక్టర్ మొదలుపెట్టాడు. అమెరికాలో ఐసీఎల్‌కి 2005 చివర్లో అనుమతి వచ్చింది. పాత మోడళ్లతో ఒక చిక్కుండేది. కంట్లో ఊరే నీరు ముందుకు పారడానికి లెన్సు అడ్డం, అందుకని ముందే లేజర్‌తో ఐరిస్‌కి చిల్లులు పెట్టాల్సి వచ్చేది, సహజ లెన్సుకి నీరు సరిగ్గా అందక శుక్లం వచ్చే భయం కూడా ఉండేది. జపాన్ డాక్టర్ కిమియా షిమిజు ఆలోచనతో లెన్సు నడిమధ్యనే 0.36 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టారు, దాంతో ఆ గొడవ చాలావరకు తగ్గింది. ఈవో అనే ఈ రంధ్రం మోడల్‌కి అమెరికాలో అనుమతి 2022లో వచ్చింది, వేరే దేశాల్లో అంతకు చాలా ముందు నుంచే వాడుతున్నారు. నా కళ్లలో ఉన్నవి ఇవే. ఆ రంధ్రాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

టెస్టులకి ఒక పూట మొత్తం పట్టింది. అంతకు ముందు రెండు వారాలు కాంటాక్ట్ లెన్సులు ముట్టుకోవద్దన్నారు, కార్నియా తన అసలు ఆకారానికి రావాలట. ఐరిస్ ముందున్న ఖాళీ లోతు నాకు 3.2 మిల్లీమీటర్లు వచ్చింది, అది మూడుకి తగ్గితే మామూలుగా ఒప్పుకోరు. కార్నియా లోపలి పొరలో కణాలు లెక్కపెట్టారు. ఆ కణాలు పోతే మళ్లీ పుట్టవు, అందుకే ఆ లెక్క ముఖ్యం. రెటీనా (కంటి వెనక ఉండే చూపు పొర) అంచున ఒకచోట పల్చబడిందని ముందు దానికి లేజర్ చేశారు. ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. లెన్సు పెట్టించుకుంటే కళ్లజోడు పోతుంది గానీ ఎక్కువ మైనస్ అంటే వెనక్కి పొడవుగా సాగిన కన్ను, అది మాత్రం అలాగే ఉంటుంది. రెటీనా ఊడే ప్రమాదం ఎక్కువ సైటు ఉన్నవాళ్లకి ముందెంత ఉందో తర్వాతా అంతే. ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాల్సిందే.

అసలు కథ సైజులో ఉంది. లెన్సు పవర్లు బోలెడు దొరుకుతాయి గానీ సైజులు నాలుగే, 12.1, 12.6, 13.2, 13.7 మిల్లీమీటర్లు. చెప్పుల షాపులో ఎనిమిది బిగుతు, తొమ్మిది వదులు అయ్యే కాళ్లుంటాయి కదా, కళ్లూ అంతే. పైగా లెన్సు ఆనే గాడి ఐరిస్ చాటున ఉంటుంది, మామూలుగా చూస్తే కనపడదు, బయటి కొలతల్ని బట్టి అంచనా వేయాలి, లేదంటే అల్ట్రాసౌండ్‌తో చూడాలి. సైజు చిన్నదైతే మన లెన్సుకి తగిలేంత దగ్గరగా కూర్చుని శుక్లం తెచ్చిపెట్టొచ్చు, పెద్దదైతే ఉబ్బి ఐరిస్‌ని ముందుకు తోసి కంటి ప్రెషర్ పెంచొచ్చు. రెండు లెన్సుల మధ్య మిగిలే ఈ సందుని వాల్ట్ అంటారు, సుమారు 250 నుంచి 750 మైక్రాన్ల మధ్య ఉంటే బాగున్నట్టు లెక్క. నాకు కుడి కంట్లో 620, ఎడమ కంట్లో 390. డాక్టరు గారు ఎన్ని వేల ఆపరేషన్లు చేశారని అందరూ అడుగుతారు, నేనూ అదే అడిగాను. ఇప్పుడైతే సైజు దేనితో కొలుస్తారు, ఎంతమందికి లెన్సు మార్చాల్సి వచ్చింది అని అడుగుతాను.

ఆపరేషన్ గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. కనుపాపని పెద్దది చేసే చుక్కలు, మొద్దుబార్చే చుక్కలు, రెప్పలు పట్టి ఉంచే క్లిప్పు, పైన కళ్లు చెదిరే లైటు. పక్కన సుమారు మూడు మిల్లీమీటర్ల కోత పెట్టి, చుట్టిన లెన్సుని గొట్టంలోంచి లోపలికి తోస్తారు. అది విచ్చుకోవడం నాకు కనిపించింది! నీళ్లలో పాలిథీన్ కవరు మెల్లగా విప్పుకున్నట్టు అంతా అలలు అలలుగా కదిలింది. తర్వాత దాని నాలుగు మూలల్నీ ఒక్కొక్కటిగా ఐరిస్ కిందికి సర్దుతారు, అప్పుడు మాత్రం కన్ను లోపల వేలు పెట్టి నొక్కుతున్నట్టు అదోలా ఉంటుంది. నొప్పి కాదు, కానీ కాళ్ల వేళ్లు బిగుసుకున్నాయి. కుట్లు లేవు. పదిహేను నిమిషాల్లో బయటికి తెచ్చేశారు. ఎడమ కంటికి సిలిండర్ ఉంది కాబట్టి దాన్ని కూడా సరిచేసే టోరిక్ లెన్సు, దానికి ముందే నన్ను కూర్చోబెట్టి కంటి మీద పెన్నుతో గీతలు పెట్టారు, పడుకుంటే కన్ను కాస్త తిరుగుతుందట.

నా రెండు కళ్లకీ మధ్య వారం గ్యాప్ ఇచ్చారు. ఆ వారం నరకం, దీని గురించి ఎవ్వరూ చెప్పలేదు. ఒక కన్ను సున్నా, ఇంకో కన్ను మైనస్ తొమ్మిదిన్నర. పాత జోడులో కుడి అద్దం ఊడదీసి పెట్టుకుంటే సరిపోతుందనుకున్నాను. పెట్టుకుని నిలబడ్డానో లేదో తల గిర్రున తిరిగింది. ఎక్కువ మైనస్ అద్దం వస్తువుల్ని చిన్నవి చేసి చూపిస్తుంది కదా, దాంతో అక్క ముఖం ఒక కంటికి పెద్దగా, ఇంకో కంటికి చిన్నగా, ఒకదాని మీద ఒకటి పడి కనిపించింది. చివరికి ఎడమ కంటికి ప్యాచ్ కట్టుకుని సముద్రపు దొంగలా తిరిగాను. మీదీ ఎక్కువ పవరైతే, రెండో కన్ను ఒకటి రెండు రోజుల్లో చేయడం కుదురుతుందా అని ముందే అడగండి.

ఇక నా అసలు ఫిర్యాదు. హాస్పిటల్ పేరు రాయను, కామెంట్లలో అడగొద్దు. మొదటి కన్నప్పుడు రెండు గంటలు కూర్చోబెట్టి ప్రెషర్ చూసి పంపారు. రెండో కన్నప్పుడు ఆ రోజు లిస్టులో ఆఖరిదాన్ని నేను, స్టాఫ్ అప్పటికే బ్యాగులు సర్దుకుంటున్నారు, "బాగానే ఉంది మేడమ్, ఇంటికెళ్లి రెస్ట్ తీసుకోండి, రేపు చూద్దాం" అని పంపేశారు. ప్రెషర్ చెక్ చేయలేదని నాకు గుర్తొచ్చింది కూడా, మొహమాటపడి ఊరుకున్నాను. రాత్రి పదింటికి ఎడమ కణత పగిలిపోతున్నట్టు నొప్పి, చూపంతా పొగ, రెండుసార్లు వాంతి. అక్క నన్ను అడగను కూడా అడగకుండా ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేసి డ్యూటీ డాక్టర్‌ని నిద్ర లేపింది. వెళ్లి చూస్తే ప్రెషర్ 38. మామూలుగా 21 దాటకూడదు. లెన్సు పెట్టేటప్పుడు లోపల జెల్లీ లాంటిది నింపుతారు, దాన్ని పూర్తిగా కడిగేయకపోతే నీరు పోయే దారి పూడుకుపోయి ప్రెషర్ పెరుగుతుంది. ఆయన మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టి, కోత అంచుని సన్నటి పరికరంతో కొంచెం నొక్కి రెండు చుక్కల నీరు బయటికి వదిలారు. అంతే, ప్రెషర్ కుక్కర్ విజిల్ ఎత్తేసినట్టు నొప్పి దిగిపోయింది. మాత్రలిచ్చి ఇంకో రెండు గంటలు అక్కడే ఉంచారు. ఈ సమస్య వస్తుందని వాళ్లకి తెలుసు, వస్తే సరిచేయడమూ తేలికే, చూడకుండా పంపడమే తప్పు. ఉదయం అడిగితే సారీ చెప్పారు, ఆ సారీ కూడా "మీరు అడిగి ఉండాల్సింది" అనే తోకతో వచ్చింది. మీరు మాత్రం మొహమాటపడకండి, ప్రెషర్ నంబరు చెవిన పడేదాకా కుర్చీలోంచి లేవకండి.

రెండో ఫిర్యాదు రింగుల గురించి. కౌన్సెలింగ్‌లో ఆ అమ్మాయి "రాత్రిళ్లు కొంచెం గ్లేర్ ఉంటుంది, పోతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. అది మామూలు గ్లేర్ కాదు. ప్రతి లైటు చుట్టూ కంపాస్‌తో గీసినట్టు గుండ్రటి వలయం. ఇందాక చెప్పిన రంధ్రం అంచుకి వెలుగు తగిలి చెదిరితే వచ్చేది అదే. మొదటి రాత్రి రోడ్డు మీద వరసగా వచ్చే బండ్లని చూస్తే గాల్లో గాజులు విసిరినట్టు అనిపించింది. చీకట్లో మన కనుపాప లెన్సు అద్దం కంటే పెద్దగా విచ్చుకుంటే అంచు నుంచి కూడా వెలుగు చెదురుతుంది, నా కనుపాపలు పెద్దవే. రెండు నెలలు రాత్రి డ్రైవింగ్ మానేశాను. ఇప్పుడు వెతికితే కనిపిస్తాయి, వెతక్కపోతే లేవు, మెదడు అలవాటు పడిపోయింది. కానీ రాత్రిపూట బండి నడపడమే మీ పనైతే ఈ సంగతి డాక్టరుతో తీరిగ్గా మాట్లాడాకే సంతకం పెట్టండి.

చూపు మాత్రం అద్భుతం, అందులో వంక పెట్టడానికేం లేదు. కుడి, ఎడమ రెండూ ఆఖరి వరస చదువుతున్నాయి, కళ్లజోడుతో కూడా నాకు ఎప్పుడూ అంత రాలేదు. కళ్లు పొడిబారడం కాంటాక్ట్ లెన్సుల రోజులతో పోలిస్తే లేనట్టే. వస్తువులు పెద్దగా కనిపిస్తున్నాయి, నా చేతి గోళ్లు ఇంతింత ఉంటాయని నాకు తెలియదు. ఆఫీసులో ఒకావిడ "నీ కళ్లు ఇంత పెద్దవా!" అంది, మందపాటి మైనస్ అద్దాలు వాటినీ ఇన్నాళ్లు చిన్నవి చేసి చూపించాయి పాపం. ఇప్పటికీ తల వంచినప్పుడల్లా లేని కళ్లజోడుని వేలితో పైకి తోస్తుంటాను.

ఖర్చు లేసిక్ కంటే బాగా ఎక్కువ. మైనస్ మూడు, నాలుగు ఉండి కార్నియా మందంగా ఉన్నవాళ్లు దీని దాకా రావాల్సిన పని ఉందని నేను అనుకోను. నలభై దాటాక చత్వారం అందరిలాగే వస్తుంది, దానికి ఈ లెన్సుతో సంబంధం లేదు, నలభై దగ్గరపడ్డవాళ్లు అది కూడా ఆలోచించుకోండి. లెన్సుకి అయిదుకి అయిదు. హాస్పిటల్‌కి రెండున్నర, అందులో రెండు ఆ డ్యూటీ డాక్టర్‌కే.

ఆఖరున ఇంకొకటి. లెన్సు పెట్టాక సైజు, పవర్, సీరియల్ నంబరు ఉన్న చిన్న కార్డు ఒకటి ఇవ్వాలి. నాకు ఇవ్వలేదు, మూడు సార్లు అడిగితే ఏదో ఫైల్లోంచి తీసిచ్చారు. పెద్దయ్యాక శుక్లం ఆపరేషన్ చేయాల్సి వస్తే ముందు ఈ లెన్సు బయటికి తీయాలి, అప్పుడు ఆ డాక్టరు అడిగేది ఈ కార్డే. దాన్ని రెండు వైపులా ఫోటో తీసి ఒకటి నా ఫోన్లో ఉంచుకున్నాను, ఇంకోటి అక్కకి పంపాను, ఎందుకంటే నేను వస్తువులు పారేసుకోవడానికి సైటు కారణం కాదని ఈ ఏడాదిలో తేలిపోయింది.