పాత ఆరు మార్కులా, కొత్త విడి లెక్కలా? ఫిగర్ స్కేటింగ్ తీర్పులో ఏది మేలు?

విశాఖలో స్కేటింగ్ అనగానే బీచ్ రోడ్డు ఉడా పార్కులో చక్రాల బూట్లతో తిరిగే పిల్లలే గుర్తుకు వస్తారు. మంచు మీది ఫిగర్ స్కేటింగును మనలో చాలామంది టీవీలోనో ఫోనులోనో చూసినవారమే. అయినా ఒక స్థానిక పోటీలో మా వీధి అమ్మాయికి నాలుగో స్థానం వచ్చినప్పుడు, "ఎక్కడ తగ్గిందండీ?" అని ఆమె తల్లి అడిగితే అక్కడ సమాధానం చెప్పేవారే లేకపోయారు. మంచు మీది పోటీల్లోనూ దశాబ్దాలపాటు పరిస్థితి ఇంచుమించు ఇదే.

పాత పద్ధతిలో ప్రతి న్యాయనిర్ణేతా సాంకేతిక నైపుణ్యానికి ఒకటి, ప్రదర్శనకు ఒకటి చొప్పున రెండు మార్కులు వేసేవారు. ఒక్కోదానికి గరిష్ఠం 6.0. అయితే తుది ఫలితాన్ని తేల్చేది మార్కుల మొత్తం కాదు, ఒక్కో న్యాయనిర్ణేత ఎవరిని ఎన్నో స్థానంలో ఉంచారన్నది; ఒకప్పటి ఎంసెట్‌లో మార్కుల కన్నా ర్యాంకే సీటు తేల్చినట్టన్నమాట. కొత్తగా ఒకరు మధ్యలో చేరితే మిగతావారి ర్యాంకులూ మారిపోయేవి, అందువల్ల వింతలు జరిగేవి. 1995 ప్రపంచ పోటీల్లో మిషెల్ క్వాన్ బరిలోకి దిగేముందు నికోల్ బోబెక్ సూర్యా బోనాలీ కంటే ముందుండగా, క్వాన్ ప్రదర్శన ముగిసి ఆమె నాలుగో స్థానంలో నిలిచేసరికి బోనాలీకి రజతం, బోబెక్‌కు కాంస్యం దక్కాయి. తాము మళ్లీ మంచు మీద అడుగు పెట్టకుండానే ఇద్దరి స్థానాలూ తారుమారయ్యాయి!

ఆ పద్ధతికి ఒక అందం ఉందని మాత్రం ఒప్పుకోవాలి. 1984 సారయేవో ఒలింపిక్స్‌లో బ్రిటన్ ఐస్ డాన్స్ జోడీ టార్విల్, డీన్‌లకు ప్రదర్శన మార్కుల వరుసలో తొమ్మిది మందీ 6.0 వేసినప్పుడు, దాని అర్థం ఏ ప్రేక్షకుడికీ విడమరచి చెప్పవలసిన అవసరం లేకపోయింది.

ఆ పద్ధతిని కూలదోసింది 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్. జంటల పోటీలో రష్యా జోడీ 5–4 తేడాతో గెలిచాక, తనపై ఒత్తిడి వచ్చిందని ఫ్రెంచి న్యాయనిర్ణేత చెప్పడం, తరువాత ఆ మాట వెనక్కి తీసుకోవడం, చివరకు కెనడా జోడీకీ స్వర్ణం ఇవ్వడం జరిగాయి. 2004లో ఆమోదం పొందిన కొత్త పద్ధతి 2006 టురిన్ ఒలింపిక్స్‌లో అమలైంది.

ఇందులో సాంకేతిక బృందం ప్రతి విన్యాసాన్నీ గుర్తించి దాని మూల విలువను ఖాయం చేస్తుంది. న్యాయనిర్ణేతలు దాని నాణ్యతకు −5 నుంచి +5 వరకు వేస్తారు. జంప్‌లలో ఒక్కో మెట్టు మూల విలువలో పది శాతం. 2022–23 పట్టిక ప్రకారం ట్రిపుల్ ఆక్సెల్ (గాలిలో మూడున్నర చుట్లు తిరిగే జంప్) విలువ 8.00, నాణ్యత సగటు +3 అయితే 2.40 కలిసి 10.40 అవుతుంది. కళాత్మకతకు కంపోజిషన్, ప్రెజెంటేషన్, స్కేటింగ్ స్కిల్స్ అనే మూడు విభాగాల మార్కులు వేరు.

లోపం కూడా ఈ లెక్కలోనే ఉంది. నాలుగున్నర చుట్ల జంప్ అయిన క్వాడ్ ఆక్సెల్ విలువ 12.50. ఆ చుట్లన్నీ పూర్తిచేసి కింద పడినా, నాణ్యతలో సగం పోయి 6.25, పడినందుకు మరొకటి పోయి 5.25 మిగులుతుంది, అది శుభ్రంగా చేసిన ట్రిపుల్ లూప్ (మూడు చుట్ల జంప్) మూల విలువ 4.90 కన్నా ఎక్కువే. పడినవారికి ఎక్కువ ఎందుకొచ్చిందని ఇంట్లో పెద్దలు అడిగితే నాకే తడబాటు. పైగా పక్షపాతం పోయిందనీ అనలేము: ఏ మార్కు ఎవరు వేశారో 2016 దాకా దాచిపెట్టారు.

అయినా ఒకటే ఎంచుకోమంటే నేను కొత్తదే ఎంచుకుంటాను. ప్రతి విన్యాసానికీ పడిన మార్కుల పట్టిక పోటీ ముగియగానే బయటకు వస్తుంది. ఇంటర్ రీవెరిఫికేషన్‌లో జవాబుపత్రం నకలు చేతికి అందినట్టే ఉంటుంది. చక్రాల మీది ఆర్టిస్టిక్ స్కేటింగులోనూ ఆ క్రీడ అంతర్జాతీయ సంస్థ వరల్డ్ స్కేట్ రోలార్ట్ అనే మార్కుల పద్ధతితో ఇదే దారి పట్టింది. చూసేవారికి పాతది సులువు, ఆడేవారికి కొత్తది న్యాయం. నా ఓటు ఆడేవారికే.

స్థానిక పోటీలకు సాంకేతిక బృందాన్నీ, వీడియో ఏర్పాటునూ సమకూర్చడం నిర్వాహకులకు భారమే. అక్కడ పాత మార్కులే ఉంచినా, ఒక్కో విన్యాసం ఎదుట ఒక వాక్యం రాసిన కాగితాన్ని పిల్లలకు ఇవ్వవచ్చు. "సిట్ స్పిన్ (కూర్చున్న భంగిమలో గిర్రున తిరగడం) రెండు చుట్లకే ఆగింది" అని ఆ రోజే రాసిచ్చి ఉంటే, మా వీధి అమ్మాయి మరునాటి ఉదయం ఆ స్పిన్ దగ్గరే సాధన మొదలుపెట్టేది.