1877 మద్రాసుకు ఏది తీసుకెళ్తే మేలు: లారీలా, తుపాకులా, చిటికెడు ఉప్పా?

సాయంత్రం తిరువాన్మియూర్‌లో రైలెక్కి మైలాపూర్ వైపు వస్తుంటే కింద బకింగ్‌హామ్ కాలువ కనిపిస్తుంది. నల్లటి నీళ్లు, ప్లాస్టిక్ కవర్లు, రైలు వంతెన స్తంభాలు. అడయార్ నదిని కూవం నదితో కలిపే ఈ ముక్కను 1877-78లో కరువు పనిగా తవ్వించారు. మాది కర్నూలు. కంచంలో అన్నం వదిలేస్తే మా నాయనమ్మ "ధాత కరువు చూసుంటే తెలిసేది మీకు" అనేది. 1876-78 నాటి కరువే ఆ ధాత కరువు. ఈ కాలువ ముక్క తవ్వింది ఆ కరువు మనుషులే.

మొన్న లంచ్‌లో ఇదే మాట వచ్చింది. ఆ రోజులకు వెళ్లగలిగితే ఏం పట్టుకెళ్లాలి? ఒంగోలు తమ్ముడు లారీలన్నాడు. ఇంకొకాయన తుపాకులన్నాడు.

లారీల మాట వినగానే బాగుంటుంది. కానీ అప్పటికే రైలుంది. రాయపురం స్టేషన్ 1856లో మొదలైంది, 1871కే గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా బండి నడిచింది. అయినా జనం చచ్చిపోయారు. ధర ఎక్కడుంటే గింజలు అక్కడికి పోయాయి, వైస్రాయ్ లిట్టన్ ఎగుమతులు ఆపలేదు. రోజంతా మట్టి మోసే మగవాడికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని లిట్టన్ పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. మనం లారీలు దించి వస్తే వాటి తాళాలు ఎవరి జేబులోకి వెళ్తాయి? లిట్టన్ జేబులోకే.

తుపాకుల సంగతి హైదర్, టిప్పుల మైసూరు రాకెట్లే చెప్తాయి. 1780లో పొల్లిలూరులో కంపెనీ సైన్యాన్ని చిత్తు చేసిన యుద్ధంలో అవి పేలాయి. శ్రీరంగపట్నం పడిపోయాక ఇంగ్లండ్ చేరి, అక్కడి ఆయుధ నిపుణుడు కాంగ్రీవ్ చేతిలో మారి, 1807లో కోపెన్‌హాగన్ ఇళ్ల మీద పడ్డాయి. నేనైతే ఇవ్వను.

నా ఓటు ఉప్పు, బెల్లం, కాచిన నీళ్లకు. కరువులో తిండి లేకే కాదు, వెంటే వచ్చిన కలరాకూ చాలామంది పోయారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు. 20-30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకు వచ్చాయి. తర్వాత 1980 నుంచి పదేళ్లు బంగ్లాదేశ్‌లోని బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగి 1.2 కోట్ల ఇళ్లలో నేర్పారు: మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు (దాదాపు అర లీటరు) నీళ్లు. చదువు అక్కర్లేదు. తాళం వేసి దాచుకునేదీ కాదు.

"చరిత్ర మారిపోతే మనమే పుట్టం కదన్నా" అన్నాడు తమ్ముడు. కళ్ల ముందు పిల్లాడు నీళ్లలా విరేచనమై కళ్లు లోపలికి పోతుంటే, నా పుట్టుక కోసం చేతులు కట్టుకుని నిలబడలేను. నాకున్న బెంగ వేరు. ఉప్పు మీద పన్ను. నీళ్లు కాచడానికి కట్టెలు కావాలి. కరువులో బెల్లం ఎక్కడిది? ఆ పౌను ధాన్యంలోంచే గుప్పెడు తీసి పల్చటి గంజి కాచి, ఉప్పేసినా పనిచేస్తుంది. కానీ ఆకలితో ఉన్న తల్లిని ఆ గుప్పెడు అడగాలి. అడిగే హక్కు నాకుందా అన్నది ఇంకా తేలలేదు. ఆమెతో కూర్చుని మాట్లాడాలి, ఒప్పుకుంటేనే చెయ్యాలి.

ఇంకొకటి. మా నాయనమ్మ కూడా విరేచనాలకు ఉప్పు గంజే ఇచ్చేది. అయితే ఒక్క గ్లాసుతో ఆపేసేది, నీళ్లు ఎక్కువైతే ఇంకా పోతాయని భయం. కాబట్టి గంజి వాళ్లకు నేను నేర్పేది కాదు. చెప్పాల్సింది ఇంతే: ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు పట్టించండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో, కొంచెం కొంచెంగా.