ఆరేడేళ్లు వాడాక చెప్తున్నా: కొలాబ్ షూలు, టీషర్ట్‌లు మన గోదారి గాలికి ఎంతవరకు ఆగాయంటే

ముందే చెప్పేస్తున్నానండి, ఇది అన్‌బాక్సింగ్ రివ్యూ కాదు. డబ్బా తెరిచి, కొత్త వాసన పీల్చి, అబ్బబ్బా అనుకునే స్టేజ్ ఎప్పుడో దాటిపోయింది. 2018, 19ల్లో గచ్చిబౌలిలో జాబ్ చేసేటప్పుడు నాకీ కొలాబ్‌ల పిచ్చి పట్టింది, రెండు బ్రాండ్‌లు కలిసి చేసిన వస్తువు అంటే చాలు జీతం పడ్డ రోజే అకౌంట్ ఖాళీ. తర్వాత కరోనా, వర్క్ ఫ్రమ్ హోమ్, బూట్లూ బట్టలూ మూట కట్టుకుని భీమవరం పక్కన మా ఊరొచ్చేశాను, ఇంక వెనక్కి వెళ్లలేదు. నాన్నకి రొయ్యల చెరువులు, ఇంటికి మూడు పక్కలా నీళ్లే. ఉప్పు డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే సాయంత్రానికి ఉప్పు నీరు కారే ఊరు మాది. ఇలాంటి చోట ఈ హైప్ వస్తువులు ఏమౌతాయో చెప్పేవాళ్లు ఎవరూ కనపడలేదు, అందుకే నేనే రాస్తున్నా.

అన్నిట్లోకీ గట్టిగా నిలబడింది అమెరికా షూ కంపెనీ కాన్వర్స్, కామ్ దె గార్సన్ ప్లే అనే ఫ్యాషన్ లేబుల్ కలిసి చేసిన చక్ 70. అదేనండీ, పక్కన ఎర్ర గుండె, దానికి రెండు కళ్లు ఉంటాయి చూడండి, ఆ షూ. గుండె బొమ్మ గీసింది ఫిలిప్ పగోవ్‌స్కీ అనే పోలండ్ ఆర్టిస్ట్. కామ్ దె గార్సన్ పేరు ఫ్రెంచ్ గానీ కంపెనీ జపాన్‌ది, రేయ్ కవాకుబో 1969లో టోక్యోలో మొదలెట్టింది, కాన్వర్స్‌తో ఈ కలయిక 2009 నుంచీ నడుస్తోంది. ఇది అసలు స్ట్రీట్‌వేరేనా (కుర్రకారు రోడ్ల మీద తొడిగే ఫ్యాషన్ బట్టలూ బూట్లూ) అని కొట్టుకునేవాళ్లు ఉంటారు, నేను తొడిగింది రోడ్డు మీదే కాబట్టి నా లెక్కలో స్ట్రీట్‌వేరే. 2019లో మా బావ సింగపూర్ నుంచి తెచ్చాడు. అప్పట్నించీ చెరువు గట్టు, నరసాపురం రేవులో పంటు, జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఆ జనం, ఆ బురద, ఆ తొక్కుడు, అన్నీ చూసింది. గుడ్డ మీగడ రంగు నుంచి టీ రంగుకి వచ్చింది, అది నా తప్పే, సబ్బు సరిగ్గా జాడించకుండా ఎండలో పెట్టేశాను. అలా పెడితే తెల్ల గుడ్డ పచ్చబడిపోతుంది, రెండు మూడు నీళ్లు ఎక్కువ పోసి జాడించి నీడలో ఆరేయాలి. సోల్ మాత్రం ఈరోజుకీ అతుకు విడలేదు.

ఎందుకు నిలబడిందో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది, అర్థమయ్యేలా చేసింది వేరే జత. పేరు చెప్పను, ఒక పెద్ద స్పోర్ట్స్ కంపెనీ, ఒక స్ట్రీట్‌వేర్ లేబుల్ కలిసి చేసినవి, అప్పటికే పాత స్టాకు, హైదరాబాద్‌లో ఒకతని దగ్గర రీసేల్‌లో 22 వేలు పెట్టి కొన్నాను. (ఇంట్లో 2,200 అని చెప్పాను, అది కూడా ఎక్కువే అన్నారు.) ఎంత అపురూపంగా చూసుకున్నానంటే మొత్తం కలిపి ఏడెనిమిది సార్లు కూడా తొడగలేదు. డబ్బాలో పెట్టి, సిలికా జెల్ ప్యాకెట్లు వేసి, అటక మీద దేవుడి నగల్లా దాచాను. 2023లో పాలకొల్లులో మా పెద్దమ్మ కూతురి పెళ్లి, సరే ఈసారి దింపుదాం అని తొడుక్కెళ్లాను. జీలకర్ర బెల్లం టైముకి కాలికింద ఏదో మెత్తగా అనిపించింది. తలంబ్రాల టైముకి వెనక్కి తిరిగి చూస్తే కార్పెట్ మీద నేను నడిచినంత మేరా తెల్లగా పొడి పొడిగా ముక్కలు. ఎవరో పిల్లలు కొబ్బరుండ పారేశారనుకుని మా పిన్ని చీపురు తెచ్చి ఊడ్చేస్తోంది కూడా. కొబ్బరుండ కాదు పిన్నీ, నా సోల్ అది. భోజనాల దగ్గరికి మా బావమరిది చెప్పులేసుకుని వెళ్లాను.

మర్నాడు చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి పట్టుకెళ్తే వేలితో ఇలా నొక్కి "ఇది అతికేది కాదు బాబూ, పిండైపోయింది" అన్నాడు. ఆ ముక్క విన్నాకే కూర్చుని చదివాను. దీన్ని హైడ్రాలసిస్ అంటారు. మడమ కింద మెత్తగా ఉండడానికి కొన్ని షూల్లో పాలీయూరితేన్ ఫోమ్ వాడతారు, గాలిలో ఉండే తేమ ఆ ఫోమ్‌లోకి నెమ్మదిగా దూరి దాని గొలుసుల్లాంటి బంధాలు తెంపేస్తుంది, పైకి కొత్తగానే కనిపిస్తుంది, లోపల గుల్ల. తొడక్కుండా దాచితే ఆగుతుందనుకోవడం మనం చేసే పెద్ద పొరపాటు, మూసిన డబ్బాలో కూడా తేమ తేమే, పైగా ఎప్పుడో వేసిన సిలికా జెల్ మన గాలికి కొన్నాళ్లకే నిండిపోతుంది, దాన్ని మళ్లీ వేడి చేసి ఆరబెడితే గానీ పనిచేయదు, అది ఎవరు చేస్తారు. ఈవీఏ అనే ఫోమ్‌కి ఈ జబ్బు పెద్దగా ఉండదు, గట్టిపడి నొక్కుకుపోతుంది గానీ పొడవ్వదు. ఇక చక్ 70 అంటారా, దాని కింద ఉన్నది ఉడికించి గుడ్డకి అతికించిన రబ్బరు. దానికి మూలమైన కాన్వర్స్ ఆల్ స్టార్ 1917లో బాస్కెట్‌బాల్ కోసం పుట్టిన షూ, ఇప్పటికీ పద్ధతి అదే. గుండె బొమ్మ ఉన్నా లేకపోయినా అది అలాగే నిలబడేది. అదన్నమాట సంగతి, కొలాబ్‌లో రెండో పేరు ఎంత గొప్పదైనా అది పైపైన ఉంటుంది, మన ఊరి తేమ చూసేది మొదటి పేరు వాడు, అంటే షూ తయారుచేసేవాడు, కింద ఏం పెట్టాడన్నది.

టీషర్ట్‌ది కూడా ఇదే కథ. యూనిక్లో అనే జపాన్ బట్టల కంపెనీ, కాస్ కలిసి చేసిన టీ నా దగ్గర ఒకటుంది, 2019 సమ్మర్‌ది, అది కూడా బావ బ్యాగులోంచే దిగింది. కాస్ అంటే బ్రయన్ డానెలీ, కళ్ల దగ్గర ఎక్స్ గుర్తులుండే బొమ్మలు చేసే ఆర్టిస్ట్. ఆ జూన్‌లో చైనాలో ఈ టీ కోసం జనం సగం ఎత్తిన షట్టర్ కిందనుంచి దూరిపోయి, డిస్‌ప్లే బొమ్మల ఒంటి మీంచి కూడా లాక్కున్నారు, వీడియోలు మీరూ చూసే ఉంటారు. ధర 99 యువాన్లు, మన డబ్బుల్లో వెయ్యి అటూ ఇటూ. అంటే రేటు మామూలు టీ రేటే, పిచ్చి మాత్రం వేరే లెవెల్. ఆరేళ్లలో ఎన్ని ఉతుకులు పడిందో లెక్కలేదు, మెడ సాగలేదు, ప్రింట్ బాగానే ఉంది. కాకపోతే ఒక జాగ్రత్త, మా అమ్మ మొదట్నించీ దాన్ని తిరగేసి ఉతుకుతుంది, తిరగేసే ఇస్త్రీ చేస్తుంది. బొమ్మ మీద డైరెక్ట్‌గా వేడి పెట్టె పెడితే ఇలాంటి ప్రింట్లు బీటలు వారే ప్రమాదం ఉంది, మెషీన్‌లో వేడినీళ్లు పెట్టినా అంతే.

ఇప్పుడు మా మామ్మ సంగతి చెప్పాలి. 2018 సంక్రాంతికి డాలస్ నుంచి మా పెదనాన్న కొడుకు వచ్చాడు, కాళ్లకి ఆఫ్-వైట్ అనే బ్రాండు, నైకీ కలిసి చేసిన షూ. ఆఫ్-వైట్ పెట్టిన డిజైనర్ వర్జిల్ అబ్లో 2017లో ద టెన్ అని 10 మోడళ్లు తీసుకుని, వాటిని కోసి, కుట్లూ ఫోమూ బయటికి కనపడేలా చేసి, లేసు మీద షూలేసెస్ అని రాసి, పక్కన ఎర్ర ప్లాస్టిక్ ట్యాగ్ వేలాడేసి వదిలాడు కదా, అందులోదే ఒకటి. మావాడు వాకిట్లో విప్పి లోపలికి వెళ్లాడు, మామ్మ చూసింది, పాపం పిల్లాడు కొట్టువాడి చీటీ తీయడం మర్చిపోయాడనుకుంది, కత్తెర తెచ్చి శుభ్రంగా కత్తిరించేసింది. వాడి మొహం చూడాలి మీరు. ఆ పండగంతా కోడిపందాల కంటే మా వీధిలో ఈ కబురే ఎక్కువ నడిచింది. కానీ నిజం చెప్పాలంటే నాకు నచ్చిన కొలాబ్ అదే. వర్జిల్ చదివింది సివిల్ ఇంజనీరింగ్, ఆ తర్వాత ఆర్కిటెక్చర్, షూని కూడా కట్టడంలా విప్పి చూపించాడు, ఊరికే లోగో పక్కన లోగో అతికించలేదు. సివిల్ చదివినోళ్లు మన జిల్లాలో ఇంటికొకడు ఉంటాడు లెండి, అది వేరే విషయం. 2021 నవంబర్‌లో 41 ఏళ్లకే పోయాడు, అప్పటికి లూయి విట్టన్ అనే ఖరీదైన ఫ్రెంచ్ బ్రాండులో మగవాళ్ల బట్టల డిజైన్‌కి పెద్ద ఆయన.

లూయి విట్టన్ అంటే గుర్తొచ్చింది, 2000లో న్యూయార్క్ స్కేట్‌బోర్డు బ్రాండు సుప్రీమ్ వాళ్లు స్కేట్‌బోర్డుల మీద విట్టన్ మోనోగ్రామ్ (పేరు అక్షరాలు అల్లిన గుర్తు) లాంటి డిజైన్ వేస్తే లాయర్ల చేత నోటీసు పంపించి ఆపించారు. 2017 జనవరిలో అదే విట్టన్ ప్యారిస్ షోలో సుప్రీమ్ పేరు పక్కన పెట్టుకుని బ్యాగులు నడిపించింది, అప్పట్లో వాళ్ల మగవాళ్ల బట్టల డిజైనర్ కిమ్ జోన్స్ హయాంలో. పెళ్లికి ముందు కేసు పెట్టుకున్న వియ్యంకుల్లా అన్నమాట. ఆ సరుకు మనం ముట్టుకునేది కాదు గానీ ఆ ఎర్ర డబ్బా లోగో మాత్రం ఏడాది తిరక్కుండా రాజమండ్రి రోడ్ల పక్కన హ్యాంగర్ల మీదకొచ్చేసింది, 250 రూపాయలు. నేనూ ఒకటి కొన్నా, పొలం పనికి. రెండు వానాకాలాలు వచ్చింది, 250కి ఇంకేం కావాలి. డూప్లికేట్ తొడిగారని మన కుర్రాళ్లని ఎక్కిరించే ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, 2018 డిసెంబర్‌లో చైనాలో శాంసంగ్ అంతటి కంపెనీ సుప్రీమ్‌తో కొలాబ్ అని స్టేజెక్కి అనౌన్స్ చేసింది, తీరా చూస్తే అది న్యూయార్క్ సుప్రీమ్ కాదు, ఇటలీలో అదే పేరు పెట్టుకున్న వేరే వాళ్లు. తర్వాత వెనక్కి తగ్గారు.

ఇంకోటి, కొంచెం పక్కదారి. 2021 ఆగస్టులో హెచ్ అండ్ ఎమ్ అనే బట్టల కంపెనీ, మన డిజైనర్ సబ్యసాచి కొలాబ్ వచ్చినప్పుడు మా ఆవిడ కూడా ఫోన్ పట్టుకుని కూర్చుంది, 9,999 రూపాయల చీర అందులో, చూస్తుండగానే అయిపోయింది. ఆ తర్వాత చేతిపని సంఘాల వాళ్లు బహిరంగ లేఖ రాశారు, చేతి అద్దకాల డిజైన్లు ప్రింట్ కొట్టి అమ్మితే అద్దకం వాళ్లకి ఏం మిగిలింది అని. మా ఆవిడది నరసాపురం. వాళ్లమ్మ, అత్తలు అందరూ అరుగుల మీద కూర్చుని లేసు అల్లినవాళ్లే, మిషనరీలు నేర్పిన పని, 1840ల నుంచీ ఉంది, జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఆ లేసు ఓడెక్కి ఏ దేశంలో ఎవరి పేరు కింద అమ్ముడవుతుందో అల్లిన వాళ్లకి తెలీదు. "మాది కూడా కొలాబే, రెండో పేరు వేయడం మర్చిపోయారు" అంది ఆవిడ. నేను నోరు మూసుకున్నా.

కొనాలనుకునే వాళ్లకి, మన వైపు వాళ్లకే చెప్తున్నా. మిడ్‌సోల్ (పాదానికీ కింది రబ్బరుకీ మధ్య ఉండే మెత్త పొర) ఏంటో చదవండి, పాలీయూరితేన్ అయితే కొన్న రోజు నుంచే తొడిగేయండి, పాత స్టాక్ రీసేల్‌లో అసలు వద్దు, షూ నాలుకకి (లేసుల కింద ఉండే పట్టీకి) లోపల ఉండే లేబుల్ మీద తయారైన నెల, ఏడాది చాలా వాటికి ఉంటుంది, అది ఫోటో అడగండి. ఆ అమ్మేవాడు లేబుల్ ఫోటో పంపడానికి నసిగితే వదిలేయండి. స్యూడ్ (నూగులాంటి మెత్తటి తోలు) మన వానలకి దండగ. పర్వతాలెక్కేవాళ్లకి సరుకు చేసే కంపెనీలతో చేసిన పఫర్ జాకెట్లు (ఉబ్బెత్తు చలి కోట్లు) చాలా బాగుంటాయి, నేను కూడా ఒకటి కొని లంబసింగిలో ఒక్క పొద్దున్న తొడిగాను, అది దాని తప్పు కాదు, భీమవరం తప్పు. చక్ 70 గుండె లేనిది కొంటే రేటు చాలా తగ్గుతుంది, నిలబడేది మాత్రం అంతే, గుండె కావాలనుకుంటే గుండె కోసమే కడుతున్నామని తెలిసి కట్టండి. నేనైతే మళ్లీ కడతానేమో.

ఆ 22 వేల జత ఇంకా అటక మీదే ఉంది, పై భాగం కొత్తదానిలా మెరుస్తోంది, కింద ఏమీ లేదు. డబ్బా మాత్రం అమ్మ తీసేసుకుంది, గుమ్మడి వడియాలు పోసింది, మంచి గట్టి అట్ట అని మెచ్చుకుంది కూడా. గుండె షూకి మొన్న లేసులు తెగిపోతే సెంటర్లో 40 రూపాయలు పెట్టి తెల్లవి కొని వేశాను, ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.